పంటి వైద్యం ఖర్చు: బీమా నుంచి, సర్కారు ఆసుపత్రి నుంచి ఎలా రాబట్టుకోవాలి

రూట్ కెనాల్ చేయించి, పైన క్యాప్ కూడా వేయించుకుని, చేతి చమురు వదిలాక ఇంటికొచ్చి పాలసీ కాగితాలు తిరగేసేవాళ్ళే ఎక్కువ. అప్పటికి చేయగలిగింది పెద్దగా ఉండదు. పంటి విషయంలో డబ్బు వస్తుందా రాదా అన్నది కుర్చీ ఎక్కకముందే, డాక్టర్ చీటీ మీద రాసే రెండు మూడు మాటల దగ్గరే చాలావరకు తేలిపోతుంది. అందుకే ఇక్కడ చెప్పేదాంట్లో ఎక్కువ భాగం చికిత్సకు ముందు చేసుకోవాల్సిన పనులే. నేను రాసేది కడప నుంచి కాబట్టి ఆసుపత్రుల సంగతి కడప, కర్నూలు, అనంతపురం చుట్టూ తిరుగుతుంది, పథకాల నియమాలు మాత్రం రాష్ట్రంలో ఎక్కడున్నా అవే.

అసలు సంగతి ముందే చెప్పేస్తా. మామూలు పిప్పి పన్నుకు, పాచి తీయించడానికి, క్యాపులకు మన దగ్గర జనం తీసుకునే ఆరోగ్య బీమాలు సాధారణంగా పైసా ఇవ్వవు. వాటికి దారి సర్కారు డెంటల్ ఆసుపత్రి, లేదంటే సొంత జేబు. దవడ విరిగినా, నోట్లో గడ్డ లేచినా, ప్రమాదంలో పళ్ళు ఊడినా అప్పుడు బీమా, ప్రభుత్వ పథకాలు అక్కరకొస్తాయి. ఈ రెండూ ఒకటే అనుకోవడం వల్లే క్లెయిమ్‌ల దగ్గర సగం గొడవలు.

ముందు చూపించుకోండి, ఒప్పుకోవడం తర్వాత

నొప్పి పుట్టిన రోజే అన్నిటికీ సరే అనేయకండి. చూపించుకుని, ఎక్స్‌రే తీయించుకుని, ఏ పన్నుకు ఏమైంది, ఏం చేయాలి, ఎంతవుతుంది, ఎన్నిసార్లు రావాలి అన్నది కాగితం మీద రాయించుకోండి. సలుపు తగ్గడానికి మందులు వాడుకుంటూ ఒకట్రెండు రోజులు అటూ ఇటూ కనుక్కునే వ్యవధి మామూలుగా దొరుకుతుంది. ఒక్క విషయంలో మాత్రం ఆగొద్దు: దవడ కింద వాచి, జ్వరం వచ్చి, నోరు తెరవలేకపోతున్నా, మింగడానికీ ఊపిరి తీసుకోవడానికీ ఇబ్బందిగా ఉన్నా, ఏ కార్డు చెల్లుతుందని చూడకుండా దగ్గర్లోని పెద్దాసుపత్రి క్యాజువాలిటీకి వెళ్ళండి. పంటి చీము మెడలోకి దిగితే ప్రాణం మీదికొస్తుంది.

ఆ చీటీ చేతికొచ్చాక మీ పని ఏ రకమో చూసుకోండి. పిప్పి పన్ను, ఫిల్లింగ్, రూట్ కెనాల్, క్యాప్, కట్టుడు పళ్ళు, చిగుళ్ళ వైద్యం, ఇవన్నీ ఓపీ పనులు, వెళ్ళి కూర్చుని చేయించుకుని ఇంటికొచ్చేవి. దెబ్బ తగిలి పన్నో దవడో విరగడం వేరే ఖాతా. సిస్టు, గడ్డ, మానని పుండు, ఇలా ఆసుపత్రిలో చేర్చి ఆపరేషన్ చేసేవి ఇంకో ఖాతా. పళ్ళు తెల్లబరచడం, ఎత్తుపళ్ళకు క్లిప్పులు, నవ్వు బాగుండాలని వేసే తొడుగులు అందానికి సంబంధించినవి కాబట్టి వాటికి బీమా వాళ్ళు దండం పెట్టేస్తారు, వాటి గురించి ఆశ పెట్టుకోకండి.

ఇంట్లో ఎవరి పేరు మీద ఏముందో తీయండి

బియ్యం కార్డు ఉందా? ఇంట్లో ప్రభుత్వ ఉద్యోగి, పెన్షనర్ ఉన్నారా? ఎవరి జీతంలోనైనా ఈఎస్ఐ (కార్మికుల ఆరోగ్య బీమా) కోత పడుతోందా? మాజీ సైనికులున్నారా? గుంతకల్లు రైల్వేలో పనిచేసేవాళ్ళున్నారా? కొడుకో కూతురో బెంగళూరులో ఉద్యోగం చేస్తూ తల్లిదండ్రుల్ని కంపెనీ పాలసీలో చేర్చారా? ఈ చివరి ప్రశ్న మన సీమ జిల్లాల్లో చాలామంది అడగరు. పిల్లలు చేర్చి ఉంటారు, పెద్దవాళ్ళకు చెప్పి ఉండరు, కార్డు ఎక్కడో మెయిల్‌లో పడి ఉంటుంది. ఫోన్ చేసి, మన కంపెనీ పాలసీలో ఓపీ కింద డెంటల్ ఉందా, అది అమ్మానాన్నలకు కూడా వర్తిస్తుందా అని హెచ్‌ఆర్‌ను అడగమనండి. కొన్ని కంపెనీల పాలసీల్లో ఏడాదికింత అని పళ్ళకు విడిగా పెడతారు, అదీ ఒక్కోసారి ఉద్యోగికి మాత్రమే ఉంటుంది.

ఈఎస్ఐ గురించి కొంచెం. నెల జీతం 21,000 లోపు ఉన్నవాళ్ళకు, సంస్థ ఈఎస్ఐ పరిధిలో ఉంటే, జీతంలోంచి 0.75 శాతం పోతుంది, యజమాని 3.25 శాతం కడతాడు. షోరూముల్లో, ప్రైవేటు ఆసుపత్రుల్లో, ఫ్యాక్టరీల్లో పనిచేసే చాలామందికి ఈ కోత పడుతూనే ఉంటుంది, వాడుకునేవాళ్ళు తక్కువ. ఈఎస్ఐకి ఓపీ, ఐపీ (ఆసుపత్రిలో చేరడం) అన్న తిరకాసు లేదు, అదే దాని గొప్ప. మీ పేరు ఏ డిస్పెన్సరీకి రాసి ఉందో చూసుకుని, ఈఎస్ఐ వాళ్ళ ఈ-పెహచాన్ కార్డు, ఆధార్ తీసుకుని ముందు అక్కడికే వెళ్ళండి. అక్కడ డెంటిస్ట్ లేకపోతే రిఫరల్ రాయించుకోండి. రిఫరల్ లేకుండా నేరుగా ప్రైవేటు క్లినిక్‌లో చేయించుకుని బిల్లు పట్టుకెళ్తే రీయింబర్స్‌మెంట్ కష్టం.

ప్రభుత్వ ఉద్యోగులు, పెన్షనర్లకు ఈహెచ్ఎస్ అనే ఆరోగ్య పథకం ఉంది. పంటి చికిత్సలకు అందులో విడిగా ప్యాకేజీలున్నాయి, ఎంప్యానెల్ అయిన, అంటే పథకం జాబితాలో చేరిన డెంటల్ ఆసుపత్రుల్లోనే చెల్లుతుంది. ఊళ్ళో మీకు నచ్చిన క్లినిక్ ఆ జాబితాలో ఉందో లేదో ముందే చూసుకోండి, బోర్డు మీద ఈహెచ్ఎస్ అని రాసి ఉన్నంత మాత్రాన నమ్మకుండా ఇప్పుడు నడుస్తోందా అని కౌంటర్‌లో అడగండి. ప్యాకేజీలో ఏ రకం క్యాప్ వస్తుందో కూడా అక్కడే అడిగేయండి, ఖరీదైన రకం కావాలంటే పై డబ్బు ఎంత కట్టాలన్నది తర్వాత తేల్చుకుందాం అనుకుంటే తర్వాతే గొడవ. మాజీ సైనికులకు వాళ్ళ ఆరోగ్య పథకమైన ఈసీహెచ్ఎస్ పాలీక్లినిక్‌లలో డెంటల్ ఉంటుంది, రైల్వే వాళ్ళు తమ వైద్య కార్డు ఉమీద్‌తో గుంతకల్లు రైల్వే ఆసుపత్రిలో మొదలుపెట్టాలి.

బియ్యం కార్డు ఉన్నవాళ్ళకు: ఆరోగ్యశ్రీ పళ్ళకు వస్తుందా?

2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ అనే పేరుతో నడుస్తున్న పథకం ఇది. జనం నోట్లో ఇంకా ఆరోగ్యశ్రీనే. ఫిల్లింగులు, రూట్ కెనాల్, క్యాపులు దీని కిందకు రావు. ప్రమాదంలో దవడ ఎముక విరిగితే, నోటి క్యాన్సర్ అయితే, పిల్లలకు గ్రహణం మొర్రి ఉంటే వస్తుంది. వీటికి వెళ్ళాల్సింది నెట్‌వర్క్ ఆసుపత్రికి, అంటే పథకంలో చేరిన ఆసుపత్రికి. లోపలికి వెళ్ళగానే పథకం డెస్క్ దగ్గర కూర్చునే మిత్రను కలవండి, ఆధార్, బియ్యం కార్డు చూపించండి, ప్రీ ఆథరైజేషన్ (ముందస్తు అనుమతి) కోసం వాళ్ళే పంపిస్తారు. అనుమతి రాకముందే అడ్వాన్స్ కట్టమంటే కట్టేసి తర్వాత వెనక్కి తీసుకుందాం అనుకోవద్దు, అక్కడే నిలబడి 104కి ఫోన్ చేయండి. మీ చికిత్స జాబితాలో ఉందా, దగ్గర్లో ఏ ఆసుపత్రిలో చేస్తారు అన్నది కూడా అదే నంబరులో చెబుతారు.

ఇంట్లో 70 ఏళ్ళు దాటినవాళ్ళుంటే 2024 అక్టోబరు నుంచి ఆయుష్మాన్ వయ వందన కార్డు ఇస్తున్నారు, ఆదాయంతో పని లేదు, ఏడాదికి 5 లక్షల దాకా. ఇది కూడా ఆసుపత్రిలో చేరే జబ్బులకే, కట్టుడు పళ్ళ సెట్టుకు కాదు.

గుట్కా, జర్దా, పొగాకు అలవాటున్న మనిషి నోట్లో పుండు రెండు వారాలు దాటినా మానకపోతే పన్ను గీసుకుందిలే అని వదిలేయకండి. సర్కారు డెంటల్‌లో చూపించి, అవసరమంటే ముక్క పరీక్ష (బయాప్సీ) చేయించండి. క్యాన్సర్ అని తేలితే అక్కడి నుంచి పథకం కింద దారి ఉంది, కర్నూల్లో స్టేట్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ కూడా ఉంది.

కడప డెంటల్ కాలేజీ: డబ్బు తక్కువ, ఓపిక ఎక్కువ

రాష్ట్రంలో ప్రభుత్వ దంత వైద్య కళాశాల విజయవాడలో ఒకటుంటే ఇంకోటి మన కడపలో, పుట్లంపల్లి దగ్గర రిమ్స్ ఆవరణలో ఉంది. ఓపీ పనులకు ఏ పథకమూ లేనివాళ్ళకు నా లెక్కలో ఇంతకు మించిన దారి లేదు. అయితే అది నడిచే తీరు తెలియకపోతే మొదటి రోజే విసుగొచ్చి వెనక్కి వచ్చేస్తారు, కాబట్టి చెబుతాను.

పొద్దున్నే వెళ్ళి ఓపీ చీటీ రాయించుకోండి. నేరుగా పన్ను పీకే గదిలోకి పంపరు. మొదట ఓరల్ మెడిసిన్ విభాగంలో కూర్చోబెట్టి, తెల్లకోటు వేసుకున్న స్టూడెంట్ ఒకరు నోరంతా చూసి కేస్ షీట్ నింపుతారు. బీపీ, షుగర్, వాడుతున్న మందులు, ఎన్నాళ్ళ నుంచి నొప్పి, అన్నీ అడుగుతారు. "ఈ పన్నేమ్మా, చల్లనీళ్ళు తాగితే జివ్వుమంటోందా?" అని చిన్న ఇనప కడ్డీతో తట్టి చూసి, సార్‌కు చూపించి, ఎక్స్‌రేకు రాస్తారు. అది చూశాకే ఏ విభాగమో తేలుతుంది. పీకాలంటే ఓరల్ సర్జరీ, నరం తీయాలంటే కన్సర్వేటివ్, చిగుళ్ళైతే పీరియో, కట్టుడు పళ్ళైతే ప్రాస్తో, చిన్నపిల్లలైతే పీడో. ఈ మాటలు బోర్డుల మీద అలాగే ఉంటాయి, అర్థం కాకపోతే మీ చీటీ చూపించి అడగండి.

స్టూడెంట్లు చేస్తారంటే భయపడేవాళ్ళుంటారు. చేసేది వాళ్ళే అయినా ఒక్కో దశ దాటాక పైవాళ్ళు వచ్చి చూస్తారు. తొందర ఉండదు, అందుకే పని నిదానంగా సాగుతుంది, ఒక్కోసారి ప్రైవేటులో కంటే శ్రద్ధగానే ఉంటుంది. నష్టం ఎక్కడంటే రోజుల్లో. పీకడం అదే రోజు అయిపోవచ్చు. రూట్ కెనాల్‌కు రెండు మూడు సార్లు రావాలి. పూర్తి కట్టుడు పళ్ళ సెట్టుకైతే మొదటి అచ్చు, రెండో అచ్చు, దవడల కొలత, మైనం మీద పళ్ళు పెట్టి చూసుకోవడం, చివరకు సెట్టు బిగించడం, అంటే అయిదు రాకపోకలు లెక్క వేసుకోండి, తర్వాత గీసుకుంటే సరిచేయించుకోవడానికి ఇంకోసారి. కూలి పనికి వెళ్ళేవాళ్ళకు పోయిన కూలి, బస్సు, ఆటో కలిపితే తడిసి మోపెడయ్యే మాట నిజమే. జమ్మలమడుగు నుంచో రాయచోటి నుంచో వచ్చేవాళ్ళు మొదటి రోజే "మేం దూరం నుంచి వస్తాం, ఒకే రోజు ఎక్కువ పని పెట్టగలరా" అని అడగాలి. అడిగితే సర్దుబాటు చేసే అవకాశం ఉంటుంది, అడగకపోతే మామూలు వరసే. మీ పన్ను చూస్తున్న స్టూడెంట్ ఫోన్ నంబరు తీసుకోండి, పరీక్షలు, సెలవుల రోజుల్లో వెళ్ళి ఊరికే తిరిగి రాకుండా ఉంటుంది.

క్యాపులకు, సెట్లకు ల్యాబ్ ఖర్చు కింద కొంత కట్టాల్సి వస్తుందేమో మొదటే అడిగి తెలుసుకోండి. షుగర్ ఉన్నవాళ్ళు ఇటీవలి రిపోర్టు తీసుకెళ్ళాలి. గుండెకు రక్తం పలచబడే మాత్రలు వాడేవాళ్ళు వాటిని సొంతంగా మానేయకుండా డాక్టర్‌కు చెప్పాలి. పీకించుకునే రోజు ఖాళీ కడుపుతో వెళ్ళకండి, టిఫిన్ తిని వెళ్ళండి.

కర్నూలు, అనంతపురం వాళ్ళకు జనరల్ ఆసుపత్రుల్లోనే డెంటల్ విభాగం ఉంది, పీకడం, ఫిల్లింగ్ లాంటి వాటికి అది సరిపోతుంది. కర్నూల్లో జి.పుల్లారెడ్డి డెంటల్ కాలేజీ ప్రైవేటుదే అయినా, కాలేజీ ఆసుపత్రి కాబట్టి ఒకసారి రేట్లు అడిగి, మీ క్లినిక్ ఇచ్చిన ఎస్టిమేట్ పక్కన పెట్టి చూసుకోండి.

సొంత పాలసీ ఉంటే ఇలా చదవండి

పాలసీ పీడీఎఫ్‌ను ఫోన్‌లో తెరిచి డెంటల్ అనే మాట వెతకండి. మూడు నాలుగు చోట్ల కనిపిస్తుంది. మొదట కనిపించేది నిర్వచనాల్లో: పళ్ళు, వాటిని పట్టి ఉంచే భాగాలకు చేసే చికిత్స, ఫిల్లింగులు, క్రౌన్లు, పీకడం, సర్జరీ అని రాసి ఉంటుంది. అది చూసి అన్నీ వస్తాయని సంబరపడేవాళ్ళను చూశాను. అది డెంటల్ అంటే ఏమిటో చెప్పడం మాత్రమే, ఇస్తామని కాదు. చూడాల్సింది మినహాయింపుల పేజీ. అక్కడ సాధారణంగా రెండు రకాల వాక్యాల్లో ఒకటి ఉంటుంది. ఒకటి, ప్రమాదం వల్ల అయితే తప్ప దంత చికిత్స ఇవ్వం అనేది. రెండోది, ఆసుపత్రిలో చేర్చాల్సి వస్తే తప్ప ఇవ్వం అనేది. ఈ రెండింటికీ చాలా తేడా ఉంది, మీది ఏదో గీత గీసి పెట్టుకోండి.

అన్ని కంపెనీలూ ఒకే నియమాలతో అమ్మే ఆరోగ్య సంజీవని పాలసీలో జబ్బు వల్లగానీ దెబ్బ వల్లగానీ అవసరమైన దంత చికిత్స అని స్పష్టంగా రాసి ఉంది. కానీ అది కూడా ఆసుపత్రి చేరిక, డే కేర్ (ఆసుపత్రిలో చేసి అదే రోజు పంపేసే చికిత్స) చట్రంలోనే, పైగా ప్రతి క్లెయిమ్‌లో 5 శాతం మీరే భరించాలి. క్లినిక్‌లో గంట కూర్చుని చేయించుకున్న రూట్ కెనాల్‌ను దీంట్లో ఇరికించలేరు.

ఓపీ రైడర్, అంటే పాలసీకి అదనంగా జోడించే ఓపీ కవర్ తీసుకోమని ఏజెంట్ చెబితే కాగితం మీద లెక్క వేయండి. ఉదాహరణకు రైడర్‌కు ఏడాదికి 3,500 అదనంగా కట్టాలి, ఓపీ పరిమితి 5,000 అనుకుందాం. అందులో డెంటల్‌కు విడిగా 2,000 అని ఉప పరిమితి ఉంటే పంటి కోసం ఆ రైడర్ దండగ. ఉప పరిమితి లేకుండా, ఇంట్లో నలుగురూ ఏటా డాక్టర్ దగ్గరికి వెళ్ళేవాళ్ళైతే కొంత అర్థముంది. వెయిటింగ్ పీరియడ్ (క్లెయిమ్ చేయకుండా ఆగాల్సిన కాలం) ఎన్ని నెలలో, నెట్‌వర్క్ క్లినిక్ మీ ఊళ్ళో ఉందో లేదో అడగండి. హైదరాబాదులో యాభై క్లినిక్‌లుండి ప్రొద్దుటూరులో ఒక్కటీ లేకపోతే ఆ జాబితాతో మనకేం పని? నచ్చకపోతే పాలసీ అందిన 30 రోజుల్లో వెనక్కి ఇచ్చేసే హక్కు ఉంది.

దెబ్బ తగిలితే మొదటి చీటీయే ప్రాణం

మా బంధువు ఒకాయన రాత్రి బండి మీద నుంచి పడి ముందు పళ్ళు రెండు విరగ్గొట్టుకున్నాడు. తెల్లారి క్లినిక్‌కు వెళ్తే చీటీలో పళ్ళు విరిగాయి అని మాత్రమే రాశారు. ఎలా విరిగాయో లేదు, ఎప్పుడో లేదు. ప్రమాదమే అని రుజువేది అని బీమా కంపెనీ అడిగేసరికి నీళ్ళు నమిలాడు.

కాబట్టి దెబ్బ తగిలితే అదే రోజు ముందు ఆసుపత్రికి వెళ్ళండి. ఏ తేదీన, ఏ టైమ్‌కు, ఎక్కడ, ఎలా పడ్డారో, పెదవి చిట్లడం లాంటి గాయాలేమిటో చీటీలో రాయించండి. రోడ్డు ప్రమాదమైతే పోలీసులకు తెలిపే మెడికో లీగల్ కేసుగా నమోదు చేయించండి. కర్నూలు కడప మధ్య 40వ నంబరు హైవే మీదైనా, అనంతపురం వైపు 44 మీదైనా, మామూలు రోడ్డు మీదైనా, 2025 మేలో కేంద్రం తెచ్చిన పథకం ప్రకారం మోటారు వాహన ప్రమాద బాధితులకు గుర్తింపు పొందిన ఆసుపత్రుల్లో ప్రమాదం జరిగిన రోజు నుంచి ఏడు రోజుల్లో 1.5 లక్షల దాకా నగదు లేకుండా వైద్యం చేయాలి. దవడ విరిగితే ఇది పనికొస్తుంది. ఊడిన పన్ను దొరికితే వేర్లను రుద్దకుండా, పాలలో వేసుకుని గంటలోపు డెంటిస్ట్ దగ్గరికి వెళ్ళండి, తిరిగి అతికే అవకాశం ఉంది.

పిప్పి పన్నుకు యాక్సిడెంట్ అని రాయించమని సలహా ఇచ్చేవాళ్ళూ ఉంటారు. ఆ పని చేయకండి. ఎక్స్‌రేలో పుచ్చు కనబడుతుంది, దొరికితే ఆ క్లెయిమ్‌తో పాటు మొత్తం పాలసీయే రద్దు కావచ్చు, రేపు గుండె ఆపరేషన్ అవసరమైనప్పుడు ఏం చేస్తారు?

బిల్లు, పన్ను నంబరు

తెల్ల కాగితం మీద మొత్తం రాసి సంతకం పెట్టిచ్చేది బిల్లు కాదు. బిల్లు నంబరు, తేదీ, డాక్టర్ పేరు, రిజిస్ట్రేషన్ నంబరు, ఏ పనికి ఎంత అన్న విడి లెక్క ఉండాలి. అన్నిటికంటే ముఖ్యం పన్ను నంబరు. డెంటిస్టులు ప్రతి పన్నుకూ రెండంకెల నంబరు వాడతారు, కింద ఎడమవైపు మొదటి పెద్ద దవడ పన్ను 36, కుడివైపుది 46. చీటీలో 36 అని, బిల్లులో 46 అని ఉంటే క్లెయిమ్ అక్కడే ఆగిపోతుంది. క్లినిక్‌లో ఉండగానే చీటీనీ బిల్లునీ పక్కపక్కన పెట్టి చూసుకోండి. చికిత్సకు ముందు ఎక్స్‌రే, తర్వాత ఎక్స్‌రే రెండూ అడిగి తీసుకోండి. యూపీఐలో కడితే స్క్రీన్‌షాట్ ఉంచుకోండి. ఒరిజినల్స్ పంపేముందు అన్నీ ఫోటో తీసి పెట్టుకోండి. గడువు పాలసీలో ఉంటుంది, ఆరోగ్య సంజీవనిలో అయితే డిశ్చార్జి నుంచి 30 రోజులు.

ఆసుపత్రిలో చేరే పని అయితే క్యాష్‌లెస్‌కు (బిల్లు కంపెనీయే నేరుగా ఆసుపత్రికి కట్టే పద్ధతికి) ముందే అడగండి. అభ్యర్థన అందిన గంటలో నిర్ణయం చెప్పాలని, డిశ్చార్జి అనుమతి మూడు గంటల్లో ఇవ్వాలని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024లో ఆదేశించింది. కౌంటర్‌లో ఈ మాట ఎత్తితే ఫైలు కాస్త కదులుతుంది.

కాదన్నారా?

ఏ నిబంధన కింద కాదన్నారో నంబరుతో సహా రాతలో అడగండి. ఫోన్‌లో చెప్పింది లెక్కలోకి రాదు. ఆ నిబంధన చదివి, వాళ్ళదే తప్పనిపిస్తే కంపెనీ గ్రీవెన్స్ (ఫిర్యాదుల) అధికారికి మెయిల్ పెట్టండి, పక్కన ఐఆర్‌డీఏఐ వాళ్ళ బీమా భరోసా పోర్టల్‌లో కూడా నమోదు చేయండి, ఫోన్ అయితే 155255. నెలలోగా జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా బీమా ఫిర్యాదులు తేల్చే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కు వెళ్ళొచ్చు. మన రాష్ట్రానికి హైదరాబాదు కార్యాలయమే, ఫిర్యాదు ఆన్‌లైన్‌లో పెట్టొచ్చు, ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. కంపెనీ తిరస్కరించిన ఏడాదిలోపు వెళ్ళాలి. రెండు వేల బిల్లుకు ఇంత తిరుగుడు ఎందుకంటే నేనూ ఒప్పుకుంటా, దవడ ఆపరేషన్ బిల్లుకు మాత్రం వదలొద్దు.

పిల్లల సంగతి, ఈఎంఐ సంగతి

బడికి, అంగన్‌వాడీకి వచ్చే ఆర్‌బీఎస్‌కే (పిల్లల ఆరోగ్య పరీక్షల ప్రభుత్వ కార్యక్రమం) బృందాలు 18 ఏళ్ళలోపు పిల్లల్ని పరీక్షిస్తాయి, పిప్పి పళ్ళు కూడా వాళ్ళు చూడాల్సిన జాబితాలో ఉన్నాయి. వాళ్ళు రాసిచ్చే రిఫరల్ చీటీని పడేయకండి, జిల్లా కేంద్రంలో చూపించుకోవడానికి అదే ఆధారం. అనంతపురం పల్లెల్లో ఫ్లోరైడ్ నీళ్ళ వల్ల పిల్లల పళ్ళ మీద గోధుమ రంగు మచ్చలుంటే అది పాచి కాదు, బ్రష్‌తో పోదు. పెద్దయ్యాక వాటికి తొడుగులు వేయిస్తామంటే బీమా వాళ్ళు అందం ఖాతాలో వేసి కాదంటారు, కడప కాలేజీలో చూపించుకోవడమే నయం.

ఏ దారీ కుదరక ప్రైవేటులోనే చేయించుకోవాల్సి వస్తే, క్లినిక్‌లో వడ్డీ లేని ఈఎంఐ అని ఫోన్‌లోనే లోన్ ఓకే చేయిస్తారు. ప్రాసెసింగ్ ఫీజు ఎంతో చూడండి. అంతకంటే ముఖ్యమైన సంగతి ఏమిటంటే, ఫైనాన్స్ కంపెనీ మొత్తం డబ్బు మొదటి రోజే క్లినిక్‌కు ఇచ్చేస్తుంది. మధ్యలో పని నచ్చక మానేసినా, డాక్టర్ ఊరు మారినా కిస్తీలు మీ ఖాతాలోంచి పోతూనే ఉంటాయి. దానికన్నా "వచ్చినప్పుడల్లా ఆ రోజు పనికి ఆ రోజే కడతాను డాక్టర్ గారూ" అని అడగండి. చిన్న ఊళ్ళలో చాలామంది డాక్టర్లు ఒప్పుకుంటారు, కట్టిన ప్రతిసారీ రసీదు తీసుకోండి.